'మిస్ యూ' డిస్కో పాటా, రాక్ పాటా? స్టోన్స్ అభిమానులు ఒకసారి ఇటు రండి

#1 · పాత_క్యాసెట్ · రాజమండ్రి

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదివి వెళ్ళిపోవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. నిన్న మా అబ్బాయి ఫోన్లో పాటలు వాటంతట అవే మారుతున్నాయి. ఒకటి మొదలవగానే నేను వంటింట్లోంచి గరిటెతో సహా హాల్లోకి వచ్చేశా. 1986 నుంచి నాకు కంఠతా వచ్చిన పాట అది. ఎవరిదిరా అంటే "రోలింగ్ స్టోన్స్ నాన్నా, ఇంగ్లండ్ రాక్ బ్యాండు, పాట మిస్ యూ" అన్నాడు. నేనేమో ఇన్నేళ్ళూ దాన్ని బోనీ ఎం అనే డిస్కో గ్రూపు పాట అనుకుంటున్నాను.

ముందు నవ్వేసుకోండి, తర్వాత చెబుతా. అప్పట్లో మా మెయిన్ రోడ్డులో ఒక రికార్డింగ్ షాపు ఉండేది. ఖాళీ క్యాసెట్టూ పాటల చీటీ ఇచ్చి వస్తే వారం తర్వాత నింపి ఇచ్చేవాడు. నాకు ఇంగ్లిష్ పాటల పేర్లు తెలిస్తే కదా చీటీ రాయడానికి! "డాన్స్ పాటలు వెయ్యన్నా" అని అరవై నిమిషాల క్యాసెట్ చేతిలో పెట్టా. బోనీ ఎం, అబ్బా, వాటి మధ్యలో ఇది. అట్ట మీద ఆయన ఏం రాస్తే అదే నాకు వేదం. పైగా ఇది ఎ సైడ్‌లో ఆఖరి పాట. మౌత్ ఆర్గాన్ వాయిస్తూ ఉండగానే టేపు అయిపోయి టక్కున ఆగిపోయేది. ఆ టక్ కూడా పాటలో ఉందనే అనుకున్నా.

నా సందేహం ఏంటంటే, బోనీ ఎం పక్కన పెడితే ఇన్నేళ్ళలో నాకు గానీ, మా ఇంట్లో విన్నవాళ్ళకి గానీ అనుమానమే రాలేదు. అంటే ఇది డిస్కో పాట కిందే లెక్కా?

#2 · తీగల_తిరుగుబాటు · విజయవాడ

లెక్కే. మీ షాపాయన పేరు తప్పు రాశాడు గానీ పాటని సరైన చోటే పెట్టాడు.

స్టోన్స్ అంటే వాళ్ళ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ రిఫ్, అంటే పదే పదే తిరిగొచ్చే గిటార్ ముక్క. 'బ్రౌన్ షుగర్' మొదటి సెకనులోనే గిటార్ వచ్చి చొక్కా పట్టుకుంటుంది. 'మిస్ యూ'లో గిటార్ ఏం చేస్తోంది? గోడకి ఆనుకుని నిలబడి చూస్తోంది. 1977 డిసెంబర్‌లో 'సాటర్డే నైట్ ఫీవర్' సినిమా వచ్చి ప్రపంచం మొత్తం తెల్ల ప్యాంటు వేసుకుంది. 1978 మేలో ఈ పాట వచ్చింది. కలిపి చదువుకోండి. గాలి ఎటు వీస్తే అటు తూర్పారబట్టారు, అంతే.

#3 · నలభై_ఐదు_ఆర్పీఎం · విశాఖపట్నం

తిరుగుబాటు గారూ, తేదీలతో వాదిస్తే తేదీలతోనే జవాబు వస్తుంది. పాట విడుదల 1978 మే, ఒప్పుకుంటా. కానీ రికార్డింగ్ జరిగింది 1977 అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు, పారిస్ శివార్లలోని బులోన్-బియంకూర్‌లో పాథే మార్కోని స్టూడియోలో. పాటకి బీజం అంతకంటే ముందే పడింది. 1977 మార్చిలో టొరంటోలో ఎల్ మొకాంబో అనే చిన్న క్లబ్బులో వాయించడానికి రిహార్సల్స్ వేసుకుంటున్నప్పుడు బ్యాండు గాయకుడు మిక్ జాగర్, బిల్లీ ప్రెస్టన్ కూర్చుని సరదాగా వాయిస్తుంటే పుట్టింది. సినిమా అప్పటికి రిలీజే కాలేదు.

ఆ క్లబ్బు కథ తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క. స్టేడియంలు నింపే బ్యాండు మూడొందల మంది పట్టే చోట 'కాక్‌రోచెస్', అంటే బొద్దింకలు, అనే మారుపేరుతో వాయించింది.

#4 · తీగల_తిరుగుబాటు

డిస్కో ఆ సినిమాతో పుట్టలేదు కదండీ. 1977 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో స్టూడియో 54 అనే డిస్కో క్లబ్బు తెరిచారు. జాగర్ అక్కడ కనబడని రాత్రి లేదన్నట్టు ఫోటోలు ఉన్నాయి. సినిమా చూసి కాకపోతే క్లబ్బు చూసి చేశాడు. దొంగతనం ఏ కిటికీలోంచి జరిగితే ఏంటి?

#5 · నలభై_ఐదు_ఆర్పీఎం

కిటికీ మార్చేశారు సరే, అసలు దొంగతనం ఏమిటో చెప్పండి. 1962లో వాళ్ళు మొదలైందే నల్లజాతి బ్లూస్ వాయించడానికి. బ్యాండు పేరే బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ పాటలోంచి తీసుకున్నారు. 1964లో షికాగో వెళ్ళి, తమ దేవుళ్ళు పాడిన చెస్ స్టూడియోలోనే రికార్డు చేసుకుని వచ్చారు. తర్వాత కంట్రీ చేశారు, 1976లో 'బ్లాక్ అండ్ బ్లూ' ఆల్బంలో జమైకావాళ్ళ రెగే చేశారు. అదే ఆల్బంలో 'హాట్ స్టఫ్' వినండి, సగం డిస్కో అక్కడే అయిపోయింది. వీళ్ళ వంటింట్లో సొంత పొలంలో పండిన బియ్యం ఎప్పుడూ లేవు. వండే తీరు మాత్రం సొంతం.

#6 · డప్పు_దరువు · కరీంనగర్

అన్నలూ, చరిత్ర మీరు చూసుకోండి, నేను డ్రమ్స్ వాయిస్తా కాబట్టి నా సంగతి చెబుతా.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి పది సెకన్లు కిక్ డ్రమ్, అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్, ఒక్కటే వినండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ప్రతి దెబ్బకీ కాలు పడుతుంది. దీన్నే ఫోర్ ఆన్ ద ఫ్లోర్ అంటారు. మామూలు రాక్‌లో కిక్ ఒకటి, మూడు మీద పడి స్నేర్ (పుల్లతో కొట్టే చిన్న డ్రమ్) రెండు, నాలుగు మీద పడుతుంది, మధ్యలో డ్రమ్మర్ తనకి తోచిన చిలిపి పని చేస్తాడు. ఫోర్ ఆన్ ద ఫ్లోర్‌లో ఆ స్వేచ్ఛ ఉండదు. డాన్స్ చేసేవాడికి కాలు ఎక్కడ వెయ్యాలో వెతుక్కునే పని లేకుండా చెయ్యడమే దాని డ్యూటీ. మా ఊరి కోలాటం కూడా అంతే. కొత్తోడు వచ్చి గుంపులో కలిసినా రెండు నిమిషాల్లో కర్ర సరిగ్గా తగులుతుంది.

వేగం నిమిషానికి 110 బీట్ల దగ్గర. పరుగు కాదు, చేతులు ఊపుకుంటూ నడిచే నడక. అందుకే ఇది జిమ్ పాట కాదు.

కాబట్టి ఎముకలు డిస్కోవే. నాకు డౌటే లేదు. కానీ వాయించింది ఎవరు? చార్లీ వాట్స్. ఆయన మనసంతా జాజ్ మీదే. ఆయనకి ఒక అలవాటు ఉంది: స్నేర్ కొట్టే క్షణంలో హై-హ్యాట్ (జత తాళాల్లాంటి పళ్ళేలు) మీద చెయ్యి లేపేస్తాడు. ఏ లైవ్ వీడియోలోనైనా చూడండి, కుడి చెయ్యి ప్రతిసారీ ఒక మెట్టు ఎక్కి దిగినట్టు ఉంటుంది. దాంతో స్నేర్‌కి చుట్టూ కొంచెం ఖాళీ దొరుకుతుంది. మెషీన్ అలా ఖాళీ ఇవ్వదు. స్కూల్ డ్రిల్ మాస్టారు విజిల్‌కి, పెళ్ళిలో డోలుకి ఎంత తేడానో ఇక్కడా అంతే.

చార్లీనే ఒక చోట ఒప్పుకున్నాడు, అప్పట్లో డిస్కోలకి వెళ్ళడం, ఫిలడెల్ఫియా రికార్డుల్లో డ్రమ్మింగ్ వినడం తన మీద పనిచేశాయని. ఆయనకి లేని సిగ్గు మనకెందుకు?

#7 · కొత్తగా_వచ్చా

ఒక చిన్న ప్రశ్న, తిట్టకండి. అప్పటికే వాళ్ళు సీనియర్ బ్యాండు అంటున్నారు కదా. ఎంత వయసు ఉంటుంది?

#8 · నలభై_ఐదు_ఆర్పీఎం

జాగర్ పుట్టింది 1943 జులై 26. పాట అమెరికాలో నంబర్ వన్ అయింది 1978 ఆగస్టు 5. అంటే 35 నిండిన పదో రోజు. ఇప్పటి లెక్కలో కుర్రాడే. కానీ అప్పుడు పంక్ అనే కొత్త రకం రాక్ వాయించే పిల్లలు వచ్చి వీళ్ళని డైనోసార్లు అని వెక్కిరిస్తున్న కాలం. ఇక కీత్ సంగతి చూస్తే 1977 ఫిబ్రవరిలో టొరంటోలో హెరాయిన్‌తో పట్టుబడి, ఏళ్ళ తరబడి జైలుకి పోవాల్సి వస్తుందేమో అన్న కేసు నెత్తి మీద ఉంది. అది తేలింది 1978 అక్టోబర్‌లో, జైలు లేకుండా. అందుకే ఆ ఆల్బం చేస్తున్నప్పుడు బండి పగ్గాలు ఎక్కువగా జాగర్ చేతిలోనే ఉన్నాయి.

అంతకు ముందు నంబర్ వన్ 'ఏంజీ', 1973లో. మధ్యలో అయిదేళ్ళ ఎండాకాలం. 'మిస్ యూ' వాళ్ళకి అమెరికాలో ఎనిమిదో నంబర్ వన్. ఆఖరిది కూడా అదే.

#9 · బేస్_బాబాయ్ · సికింద్రాబాద్

ఇంతమంది ఇన్ని చెప్పారు, అసలు దొరని పలకరించలేదు. ఆ పాట బేస్ గిటార్‌ది. గిటార్ గోడకి ఆనుకుందని తిరుగుబాటు అన్నాడే, నిజమే నాయనా. ఎందుకంటే గది మధ్యలో బిల్ వైమన్ నిలబడి ఉన్నాడు.

దీని వెనకాల కథ నాకు చాలా ఇష్టం. మొదటి డెమో చేసిన రాత్రి వైమన్ అప్పటికే ఇంటికి వెళ్ళిపోయాడు. పాట వాయిద్దాం అనుకుంటే బేస్ వాయించే మనిషి లేడు. పక్కనే ఉన్న వైమన్ పాత బేస్‌ని బిల్లీ ప్రెస్టన్ తీసుకున్నాడు. ప్రెస్టన్ ఎవరు? ఆర్గాన్, పియానో మనిషి. కీబోర్డ్ వాయించేవాడి ఎడమ చెయ్యి ఏం చేస్తుంది? కింది స్వరాల మీద నడుస్తూ ఉంటుంది. ఆ ఎడమ చేతి నడకనే బేస్ తీగల మీద నడిపించాడు. తర్వాత అసలు రికార్డింగ్ అప్పుడు మిగతావాళ్ళు వైమన్‌తో "బిల్లీ చేసినదాని చుట్టూ అల్లుకో" అన్నారు. ఆయన ఒకసారి విని, సానబెట్టి, తనది చేసుకున్నాడు. అసలు ఆలోచన బిల్లీదే అని వైమన్ స్వయంగా చెప్పాడు. ఆ నిజాయితీకి ఒక దండం.

నేను ఈ లైను నేర్చుకోవడానికి మూడు వారాలు పట్టింది. స్వరాలు కష్టం కాదు, ఎ మైనర్, డి మైనర్ మధ్య తిరుగుతుంది. ఎక్కడ ఆపాలో అది కష్టం. వేలు తీగ మీద ఒక్క వెంట్రుకవాసి ఎక్కువసేపు ఉంచితే మొత్తం జారుడుబల్ల అయిపోతుంది. ఎడమ చేతి వేలు కొంచెం లేపి తీగని ముట్టుకునే ఉంచాలి, నొక్కకూడదు. అప్పుడు 'డుమ్' అనాల్సింది 'డుప్' అంటుంది. ఆ 'డుప్'లోనే డాన్స్ ఉంది. మా ఆవిడ వంటింట్లోంచి "ఆ మోటారు ఆపండి" అని కేకేసింది. అప్పుడు అర్థమైంది, కరెక్ట్‌గా వస్తోందని.

#10 · తీగల_తిరుగుబాటు

బాబాయ్, మీరు చెప్పింది నా వాదనకే బలం. లైను ఇచ్చింది బయటి మనిషి. తాళం డిస్కోది. మౌత్ ఆర్గాన్ బయటివాడిది. ఇక స్టోన్స్ ఎక్కడ?

#11 · పాత_క్యాసెట్

ఆగండాగండి. మౌత్ ఆర్గాన్ జాగర్ కాదా? ఆయన వాయిస్తాడు కదా? నేను నిన్నటి నుంచి మా అబ్బాయికి "చూడరా ఎలా వాయిస్తున్నాడో" అని చెబుతున్నా!

#12 · నిశాచరి · న్యూజెర్సీ

జాగర్ బాగానే వాయిస్తాడు, కానీ ఇందులో ఆయన కాదండీ. షుగర్ బ్లూ. న్యూయార్క్ హార్లెంలో పుట్టిన కుర్రాడు. పారిస్ వెళ్ళి మెట్రో స్టేషన్లలో, వచ్చేపోయేవాళ్ళు వేసే చిల్లర కోసం వాయించుకుంటుంటే స్టోన్స్ మనుషుల చెవిన పడ్డాడు. అక్కడి నుంచి నేరుగా స్టూడియోకి. శాక్సఫోన్ మెల్ కాలిన్స్, అంతకు ముందు కింగ్ క్రిమ్సన్ బ్యాండులో ఉండేవాడు. ఎలక్ట్రిక్ పియానో ఇయన్ మెక్‌లగన్.

నేను ఈ పాటని ఇక్కడికి వచ్చాకే సరిగ్గా విన్నాను. పాటలో అతను చీకటి పడ్డాక సెంట్రల్ పార్కులో ఒంటరిగా తిరుగుతుంటాడు కదా, చూసినవాళ్ళు పిచ్చివాడు అనుకునేలా. మొన్న శీతాకాలంలో ఒక ఆదివారం నేను ఆ పార్కులో ఉత్తరం వైపు నడుచుకుంటూ పోయి బయటపడ్డాను. అక్కడ పార్కు ఆఖరి హద్దు 110వ వీధి. రోడ్డు దాటితే హార్లెం. చెవుల్లో అదే పాట నడుస్తోంది. పార్కులో తిరిగే ఇంగ్లిష్ పెద్దమనిషి పాడుతుంటే వెనకాల వాయిస్తున్నది ఆ రోడ్డవతల కుర్రాడు. ఇద్దరూ కలిసింది మాత్రం పారిస్‌లో. (దరువు తమ్ముడూ, 110వ వీధి, 110 బీట్లు. ఊరికే అన్నా, పట్టించుకోకు.)

తిరుగుబాటు గారి ప్రశ్న, స్టోన్స్ ఎక్కడ అని. నాకు తెలిసి ఆ మౌత్ ఆర్గాన్‌లోనే ఉన్నారు. డిస్కో రికార్డు చెయ్యాలనుకున్నవాళ్ళు ఆ చోట వయొలిన్లు పెడతారు. వీళ్ళు షికాగో బ్లూస్ తెచ్చి పెట్టారు. కింద కాళ్ళు క్లబ్బులో ఉంటాయి, పైన ఊపిరి మాత్రం బ్లూస్‌ది. డాన్స్ పాటల్లో మామూలుగా అందరూ ఆనందంగా ఉంటారు. ఇందులో అతను ఆమె ఫోన్ కోసం ఎదురు చూస్తూ ఉంటాడు. స్నేహితులు అమ్మాయిలని తీసుకుని వచ్చి తలుపు తడతామంటే కూడా మనసు రాదు. అందరూ ఆడుతున్న చోట ఒకడు మాత్రం గోడ పక్కన కూర్చుని ఉంటాడే, ఈ పాట వాడిది.

#13 · డప్పు_దరువు

అక్కా, +1. "వయొలిన్ల చోట మౌత్ ఆర్గాన్". ఇది మా బ్యాండ్ వాట్సాప్ గ్రూపులో పెట్టుకుంటున్నా.

#14 · తీగల_తిరుగుబాటు

బాగుంది నిశాచరి గారూ, ఒప్పుకుంటా, మౌత్ ఆర్గాన్ నాకూ ఇష్టమే. అయినా నా గొడవ వేరే. కీత్ స్వయంగా దీన్ని మిక్ సరదా కింద తీసుకున్నట్టు తర్వాత మాట్లాడాడు. జాగర్ ఏమో డిస్కో చెయ్యాలని చెయ్యలేదు అంటాడు. రాసిన ఇద్దరికే పొంతన లేదు. మనసులేని పని అని తెలిసిపోవడం లేదూ?

#15 · నలభై_ఐదు_ఆర్పీఎం

చెయ్యాలని చెయ్యలేదు అన్నాయన పన్నెండు అంగుళాల రికార్డు లేబుల్ మీద 'స్పెషల్ డిస్కో వెర్షన్' అని అచ్చేయించుకున్నాడు. అది ఎనిమిదిన్నర నిమిషాల రీమిక్స్. రేడియో కోసం ఇచ్చిన సింగిల్ మూడున్నర నిమిషాలు. ఆల్బంలో ఉన్నది 4:48. ఒకే పాటకి మూడు కొలతలు: రేడియోకి ఒకటి, ఇంటికి ఒకటి, క్లబ్బుకి ఒకటి. రీమిక్స్ చేసింది బాబ్ క్లియర్‌మౌంటెన్. తర్వాతి కాలంలో 'బార్న్ ఇన్ ద యూఎస్ఏ' మిక్స్ చేసిన చెయ్యి అదే. స్టోన్స్‌కి ఇలాంటి డాన్స్ రీమిక్స్ ఇదే మొదటిది.

బ్రిటన్‌లో ఆ పన్నెండు అంగుళాలది గులాబీ రంగులో వచ్చింది. ఆ రంగు కోసమే ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా. అమ్మినతను దాన్ని పలచటి అట్టలో పెట్టి, పైన ఒక పొర ప్లాస్టిక్ చుట్టి పంపాడు. విప్పి చూస్తే అంచు నుంచి లోపలికి వేలెడు పొడుగున బీట. రెండు రోజులు అన్నం సయించలేదు. తర్వాత ధైర్యం చేసి ముల్లు పెట్టా. ప్లే అవుతుంది, కానీ ప్రతి తిరుగుడుకీ 'టిక్'. ఆ టిక్ చార్లీ తాళంతో కలిస్తే ఎంత బాగుండేది! కలవదు. ఒకసారి దెబ్బకి ముందు, ఒకసారి వెనక. పక్కింటి పిల్లాడు తాళం తప్పి చప్పట్లు కొడుతున్నట్టు ఉంటుంది. బీట దాటిన తర్వాత మాత్రం ఆహా.

అన్నట్టు, సింగిల్‌కి రెండో వైపు ఏ పాటో తెలుసా? 'ఫార్ అవే ఐస్'. పక్కా కంట్రీ పాట, జాగర్ యాస పెట్టి మరీ పాడతాడు. ఒక వైపు న్యూయార్క్ క్లబ్బు, తిప్పితే పల్లెటూరి రేడియో. అలాంటి బ్యాండుని పట్టుకుని "మీది ఏ కులం" అని అడిగితే ఏం చెబుతుంది?

#16 · కొత్తగా_వచ్చా

రాక్ బ్యాండ్ డిస్కో చేస్తే అంత కోపం ఎందుకు వచ్చేది? మన దగ్గర ఎవరూ ఏమీ అనలేదు కదా. 1984లో 'డిస్కో కింగ్' అని ఏకంగా బాలకృష్ణ సినిమానే వచ్చింది, హిందీ 'డిస్కో డాన్సర్'కి రీమేక్. మా నాన్న ఇప్పటికీ దాని గురించి చెబుతాడు.

#17 · నిశాచరి

మనకి రాక్, డిస్కో రెండూ ఒకే ఓడలో దిగాయి. రెండూ 'ఇంగ్లిష్ పాటలే'. మన షాపాయనకి రెంటినీ విడదీయాల్సిన అవసరం ఏముంది? ఇక్కడ అలా కాదు. డిస్కో పెరిగింది నల్లవాళ్ళ, లాటినోల, గేల క్లబ్బుల్లో. వాళ్ళు లోపలికి రానిచ్చిన చోట, వాళ్ళకి భయం లేని చోట. అది రేడియో అంతా నిండేసరికి రాక్ వినే తెల్ల కుర్రాళ్ళకి తమ స్టేషన్ ఎవరో లాక్కున్నట్టు అనిపించింది.

1979 జులై 12న షికాగోలో కమిస్కీ పార్క్ అనే బేస్‌బాల్ మైదానంలో ఒక రేడియో జాకీ పిలుపిచ్చాడు: తగలబెట్టడానికి ఒక డిస్కో రికార్డు తెస్తే టికెట్ 98 సెంట్లే. వైట్ సాక్స్‌కీ డెట్రాయిట్ టైగర్స్‌కీ ఆ రోజు రెండు మ్యాచ్‌లు. మొదటిది అయ్యాక రికార్డుల పెట్టెని మైదానం మధ్యలో పేల్చారు. జనం గోడలు దూకి లోపలికి వచ్చేశారు. గడ్డి పాడై, రెండో మ్యాచ్ ఆడలేక వైట్ సాక్స్ ఓడినట్టు ప్రకటించారు.

ఇప్పుడు ఆర్పీఎం గారు పైన చెప్పింది కలపండి. 1964లో స్టోన్స్ తీర్థయాత్రకి వెళ్ళినట్టు వెళ్ళిన చెస్ స్టూడియో సౌత్ మిషిగన్ అవెన్యూలో ఉంది. ఆ మైదానం అక్కడి నుంచి ఎంతో దూరం లేదు. నల్లవాళ్ళ పాత సంగీతానికి దండం పెట్టిన ఊళ్ళోనే నల్లవాళ్ళ కొత్త సంగీతానికి నిప్పు పెట్టారు. 'మిస్ యూ' ఈ రెంటికీ మధ్యలో వచ్చింది. అందుకే "వీళ్ళు డిస్కో చేసి దిగజారారు" అనే మాట వింటే నాకు కొంచెం చిరాకు. తిరుగుబాటు గారూ, మిమ్మల్ని అనడం లేదు.

#18 · తీగల_తిరుగుబాటు

అన్నా పర్లేదు. నేను రికార్డులు తగలబెట్టే బాపతు కాదు, అది వేరే జబ్బు. నాకు డిస్కో అంటే కోపం లేదు. డోనా సమ్మర్ పాటలు నా ఫోన్లోనే ఉన్నాయి, కావాలంటే చూపిస్తా. రొయ్యల ఇగురు బాగా వండే హోటల్లో పనీర్ తినమంటే చిరాకు పడతానా లేదా? పనీర్ చెడ్డదని కాదు.

#19 · బేస్_బాబాయ్

ఒరేయ్, ఆ హోటల్లో ఆ రోజు పనీరే అదిరింది అంటున్నాం కదరా.

#20 · డప్పు_దరువు

మిగతా రాక్ వాళ్ళు చేసిన డిస్కోతో పోల్చి చూద్దామా? నా ర్యాంకింగ్: ఒకటి, క్వీన్ 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్', 1980. రెండు 'మిస్ యూ'. ఆఖరున కిస్ 'ఐ వాజ్ మేడ్ ఫర్ లవిన్ యూ', 1979.

#21 · బేస్_బాబాయ్

క్వీన్ పాట కూడా బేస్ మనిషిదే. జాన్ డీకన్ రాశాడు, షీక్ బ్యాండు 'గుడ్ టైమ్స్' బేస్ విని. గమనించావా, రాక్ బ్యాండులో డిస్కో పాట ఎప్పుడూ బేస్ దగ్గరే తలుపు తీసుకుని వస్తుంది.

#22 · నలభై_ఐదు_ఆర్పీఎం

కిస్ పాట పాల్ స్టాన్లీ "డిస్కో హిట్ రాయడం ఎంతసేపు" అని నిరూపించడానికి రాసుకున్నది. అది తెలిసిపోతుంది కూడా. రాడ్ స్టీవర్ట్‌ది మరచిపోయారు, 1978 చివర్లో వచ్చిన 'డూ యా థింక్ ఐయామ్ సెక్సీ'. రాడ్‌కి 'మిస్ యూ' లాంటిది కావాలని ఉండేదని దాని డ్రమ్మర్ కార్మైన్ అపీస్ చెప్పాడు. ట్యూను బ్రెజిల్ గాయకుడు జోర్జ్ బెన్ 'తాజ్ మహల్' పాటకి దగ్గరగా ఉందని గొడవ అయి, చివరికి పాట ఆదాయం యునిసెఫ్‌కి వెళ్ళింది.

పింక్ ఫ్లాయిడ్ 'అనదర్ బ్రిక్' రెండో భాగాన్ని ఈ జాబితాలో ఎవరూ ఎందుకు వెయ్యలేదు? కింద తాళం వినండి ఒకసారి. డిస్కో డ్రమ్ పెట్టమన్నది ప్రొడ్యూసర్ బాబ్ ఎజ్రిన్.

#23 · తీగల_తిరుగుబాటు

ఫ్లాయిడ్ జోలికి రావద్దు.

#24 · డప్పు_దరువు

ఒకటి, రెండు, మూడు, నాలుగు... కిక్ పడుతోందన్నా 😄

#25 · నిర్వాహకుడు

ఫ్లాయిడ్, కిస్, రాడ్ స్టీవర్ట్ గొడవని వేరే చర్చగా విడదీస్తున్నాను. ఇక్కడ 'మిస్ యూ' ఒక్కటే. తిరుగుబాటు గారూ, తొలగించిన మీ జవాబులో మొదటి వాక్యం తీసేసి మళ్ళీ పెట్టుకోవచ్చు.

#26 · తీగల_తిరుగుబాటు

మొదటి వాక్యం తీసేస్తే ఇక రెండోదానికి అర్థం ఉండదు. వదిలేయండి.

అసలు విషయానికి వస్తే, నిన్న రాత్రి లైట్లు ఆపి ఆల్బం మొత్తం విన్నాను. 'సమ్ గర్ల్స్'లో 'మిస్ యూ' మొదటి పాట. తర్వాత వచ్చే 'వెన్ ద విప్ కమ్స్ డౌన్' పంక్ కుర్రాళ్ళకి జవాబులా ఉంటుంది. 'రెస్పెక్టబుల్', 'షాటర్డ్' కూడా అంతే. 'బీస్ట్ ఆఫ్ బర్డెన్'లో కీత్, రానీ వుడ్ గిటార్లు ఒకదాని జడలో ఒకటి అల్లుకుంటాయి. నా స్టోన్స్ అక్కడ ఉన్నారు. 'మిస్ యూ'ని నేను వీధి గుమ్మం అనుకుంటా. దాటి లోపలికి వెళ్ళాలి. గుమ్మం మీద కూర్చుండిపోకూడదు. నా మాట ఇంతే, మార్చను.

#27 · బేస్_బాబాయ్

గుమ్మం లేని ఇంట్లోకి ఎలా వెళ్ళావురా మరి? ఆ ఆల్బం అమెరికాలో అరవై లక్షలకి సర్టిఫికెట్ తెచ్చుకుంది. అందులో ఎంతమంది ఈ పాట విని లోపలికి వచ్చారో!

ఇంకో సంగతి. వైమన్ 1993లో బ్యాండు వదిలేశాక డారిల్ జోన్స్ వచ్చాడు. మైల్స్ డేవిస్ దగ్గర వాయించిన మనిషి. లైవ్‌లో 'మిస్ యూ' మధ్యలో అందరూ పక్కకి తప్పుకుని ఆయనకి సోలో ఇస్తారు. అన్నేళ్ళ షోల్లో, అన్ని పాటల్లో, బేస్ వాయించేవాడి మీద లైటు పడే పాట ఇదే. నేను వేరే కారణం వెతుక్కోను.

#28 · పాత_క్యాసెట్

అందరికీ థాంక్స్. నేను ఒక ముక్క అడిగితే మీరు షికాగో దాకా తీసుకెళ్ళారు. ఇవాళ ఆదివారం కదా అని అటక ఎక్కా. పాత బిస్కెట్ డబ్బాలో క్యాసెట్ దొరికింది! అట్ట మీద నీలం ఇంకుతో షాపాయన చేతిరాత ఇంకా ఉంది. ఎ సైడ్ ఎనిమిదో పాట: "మిస్‌యూ, బోనీయం, కొత్తది". ఆ 'కొత్తది' చూసి నవ్వాగలేదు. పాటకి అప్పటికే ఎనిమిదేళ్ళు.

ప్లేయర్ కూడా దింపా. మీట నొక్కితే చక్రాలు కదలడం లేదు. వెనక మూత విప్పి చూస్తే లోపల రబ్బరు బెల్టు కరిగి బెల్లం పాకంలా వేలికి అంటుకుంది. పెన్సిల్ పెట్టి టేపు తిప్పి చూశా, తెగలేదు. మా అబ్బాయి పాట పూర్తిగా ఫోన్లో వినిపిస్తానన్నాడు గానీ, ముందు నాది ఎక్కడ ఆగేదో చూసుకోవాలని ఉంది.

#29 · నలభై_ఐదు_ఆర్పీఎం

బెల్టు పారేయకండి. కరగని ముక్క ఏదైనా ఉంటే మందం చూడండి. పొడుగు తెలియాలంటే చక్రాల చుట్టూ దారం చుట్టి, ఆ దారాన్ని స్కేలు మీద పెట్టి నాకు కొలత పంపండి. నా దగ్గర ఒక డబ్బా నిండా బెల్టులు ఉన్నాయి. ముందు పాత జిగురంతా స్పిరిట్‌తో శుభ్రంగా తుడవండి, బట్టలకి అంటితే పోదు.

#30 · డప్పు_దరువు

అది తిరగగానే ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్ల దగ్గర ఆగుతుందో రాయండి. సింగిల్ ఎక్కించాడా, ఆల్బంది ఎక్కించాడా తేలిపోతుంది.

#31 · తీగల_తిరుగుబాటు

బి సైడ్‌లో ఏమున్నాయండీ?

#32 · పాత_క్యాసెట్

అయిదు అబ్బా పాటలు, రెండు బోనీ ఎం. ఆఖరున ఒకటి ఉంది, దానికి ఆయన పేరు రాయలేదు, గీత గీసి వదిలేశాడు. అది గిటార్ పాటేనని బాగా గుర్తు. నాకు నచ్చక ఎప్పుడూ ముందుకి తిప్పేసేవాణ్ణి. బెల్టు రాగానే పెడతా, ఎవరిదో మీరే చెప్పాలి.